మోషన్ కంట్రోల్స్‌తో ఫుట్‌బాల్: హాల్లో నిలబడి గోల్ కొట్టడం ఎలా

బటన్లతో ఫుట్‌బాల్ గేమ్స్ ఆడి చేయి తిరిగినవాళ్లకి కూడా మోషన్ కంట్రోల్స్‌తో మొదటి పది నిమిషాలు చిరాగ్గానే ఉంటుంది. బటన్ నొక్కితే నొక్కినట్టే. ఇక్కడ చేయి ఊపాలి, లేదా నిజంగానే కాలు విసరాలి. బంతి మనం అనుకున్న చోటికి పోదు. అప్పుడు అందరూ చేసే పని ఒకటే: ఇంకా గట్టిగా ఊపుతారు. దాంతో భుజం నొప్పి వస్తుంది కానీ గోల్ రాదు. ఈ ఆటల్లో బలం కన్నా ఎప్పుడు ఊపారు, ఏ దిశలో ఊపారు అన్నవే ముఖ్యం. కింద చెప్పిందంతా ఆ రెండింటినీ దారిలో పెట్టుకోవడం గురించే.

ఉదాహరణకి నింటెండో కంపెనీ గేమ్ కన్సోల్ స్విచ్ మీద ఆడే నింటెండో స్విచ్ స్పోర్ట్స్‌లోని ఫుట్‌బాల్‌ని తీసుకుంటున్నాను. అమెరికా కాపీ అయితే మెనూలో సాకర్ అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 29న వచ్చిన ఈ గేమ్‌లో చేత్తో ఊపి ఆడొచ్చు, జాయ్‌కాన్‌ని, అంటే స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్‌ని, తొడకు కట్టుకుని కాలితో తన్నీ ఆడొచ్చు. పాత ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్, దాని కైనెక్ట్ కెమెరా ఇంట్లో పడి ఉన్నవాళ్ల కోసం చివర్లో విడిగా చెప్తాను.

కొనే ముందు చూసుకోవలసినవి

స్విచ్‌ని నింటెండో మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా దొరికేది బయటి దేశాల నుంచి తెచ్చిన సరుకే. లేదంటే అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న చుట్టాలు వచ్చేటప్పుడు తెప్పించుకోవాలి. దీని గురించి పెద్దగా భయపడక్కర్లేదు. స్విచ్ గేమ్ కార్డులకు రీజియన్ లాక్ లేదు, ఏ దేశపు కార్డయినా ఆడుతుంది. నింటెండో సొంత అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి మన కరెంటుకి సరిపోతుంది. అమెరికా పిన్ను చదునుగా ఉంటుంది, దానికి మంచి కన్వర్టర్ ప్లగ్ ఒకటి కొనుక్కుంటే చాలు.

స్విచ్ లైట్ కొనకండి, అంటే ఈ ఆట కోసం అయితే. దాని కంట్రోలర్లు ఊడిరావు, విడిగా జాయ్‌కాన్‌లు కొనాల్సి వస్తుంది. మామూలు స్విచ్‌తో వచ్చే ఒక జత జాయ్‌కాన్‌లతో మ్యాచ్ ఒక్కరే ఆడగలరు. ఎడమది కదలడానికి, కుడిది తన్నడానికి. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా మ్యాచ్ ఆడాలంటే ఇంకో జత కావాలి. ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి, తర్వాత ఇంట్లో గొడవ ఉండదు.

తొడ పట్టీ, అంటే లెగ్ స్ట్రాప్, డబ్బాలో వచ్చే గేమ్‌తోనే ఇస్తారు. డౌన్‌లోడ్ చేసుకుంటే రాదు. రింగ్ ఫిట్ అడ్వెంచర్ అనే వ్యాయామం గేమ్ ఇంట్లో ఉంటే అందులోని పట్టీ దీనికీ పనికొస్తుంది. స్విచ్ 2 మీద కూడా ఈ గేమ్ ఆడుతుంది కానీ పట్టీ జేబులోకి పాత జాయ్‌కానే పడుతుంది, కొత్తది పెద్దది.

సెకండ్‌హ్యాండ్ జాయ్‌కాన్ కొంటుంటే ఎడమ స్టిక్ మీద వేలు పెట్టకుండా వదిలేసి స్క్రీన్ చూడండి. బొమ్మ తనంతట తాను నడుస్తుంటే అది డ్రిఫ్ట్. మిగతా ఆటల్లో సర్దుకుపోవచ్చేమో, మ్యాచ్‌లో బంతి వెనక పరిగెత్తాల్సిన చోట మాత్రం అది ప్రాణం తీస్తుంది.

గది, నేల, టీవీ

టీవీకి ఎదురుగా కనీసం రెండు మీటర్ల దూరంలో నిలబడండి. రెండు చేతులూ పక్కలకి పూర్తిగా చాపి ఒకసారి చుట్టూ తిరగండి. తర్వాత తన్నే కాలిని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. వేళ్లకి గానీ పాదానికి గానీ ఏదైనా తగిలితే దాన్ని జరపండి. టీపాయ్ మొట్టమొదట బయటికి పోవాలి. మోకాలి కింది ఎముకకి టీపాయ్ అంచు తగిలితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మన హాళ్లలో సీలింగ్ ఫ్యాన్ తక్కువ ఎత్తులో ఉంటే పొడుగువాళ్లు దాని కింద నిలబడొద్దు. ఆడేటప్పుడు చేయి అంత ఎత్తుకి పోదు, గోల్ పడ్డాక పోతుంది.

మార్బుల్, టైల్స్ నేల మీద సాక్సులతో ఆడితే జారతారు. ఒట్టి కాళ్లతో గానీ, అడుగు గట్టిగా పట్టే బూట్లతో గానీ ఆడండి. నేల తుడిచి తడి ఆరకముందే మొదలుపెట్టొద్దు. దుప్పటి, పలచటి చాప కాళ్ల కింద ముడతలు పడతాయి, అవీ వద్దు. అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటివాళ్ల గురించి దిగులుంటే యోగా మ్యాట్ మీద నిలబడి ఆడొచ్చు, అది జరగకుండా ఉంటేనే.

టీవీ సంగతి చాలామంది పట్టించుకోరు, నా లెక్కలో సగం ఆట అక్కడే ఉంది. ఇప్పటి టీవీలు బొమ్మని అందంగా చూపించడానికి లోపల ఏవేవో సవరణలు చేసి ఆ తర్వాత చూపిస్తాయి. దాంతో స్క్రీన్ మీద బంతి కనిపించడం కాస్త ఆలస్యమవుతుంది. సీరియల్ చూసేటప్పుడు ఆ తేడా తెలియదు. బంతి వచ్చే క్షణాన్ని పట్టి తన్నాల్సిన చోట అదే మిమ్మల్ని ఓడిస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌కి వెళ్లి గేమ్ మోడ్ పెట్టండి. మీ టైమింగ్ బాలేదని అనుకునే ముందు ఈ ఒక్క పని చేసి చూడండి. బ్లూటూత్ స్పీకర్ వాడుతుంటే అది కూడా తీసేసి టీవీ శబ్దమే పెట్టుకోండి. బ్లూటూత్‌లో శబ్దం వెనకబడి వస్తుంది, చెవి కంటిని తప్పుదారి పట్టిస్తుంది.

పట్టీలు, సెన్సర్లు

జాయ్‌కాన్‌కి మణికట్టు తాడు తొడిగి, చేతికి వేసుకుని, బిగించండి. ఇది పిల్లలకి చెప్పే నీతి కాదు. 2006లో నింటెండో పాత కన్సోల్ వీ (Wii) వచ్చిన కొత్తలో ఆడేవాళ్ల చేతుల్లోంచి రిమోట్లు జారి, తాళ్లు తెగి, కొన్నిచోట్ల నేరుగా టీవీలకే తగిలాయి. నింటెండో దాదాపు 32 లక్షల తాళ్లను మార్చి ఇవ్వడానికి ముందుకొచ్చింది. ఇప్పటి తాళ్లు గట్టివే, కాకపోతే వేసుకుంటేనే పనిచేస్తాయి. వేసవిలో అరచేయి చెమట పడుతుంది కాబట్టి పక్కన ఒక తువ్వాలు పెట్టుకోండి.

తొడ పట్టీని తన్నే కాలికి, తొడ మధ్యభాగంలో కట్టాలి. మోకాలికి మరీ దగ్గరగా కడితే కాలు మడిచిన ప్రతిసారీ జారుతుంది. రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు. షార్ట్స్ గానీ ట్రాక్ ప్యాంట్ గానీ వేసుకోండి. లుంగీ మీద, నైటీ మీద పట్టీ నిలవదు, రెండు కిక్కులకే చీలమండ దగ్గరికి దిగిపోతుంది. చీర కట్టుకున్నవాళ్లు చేత్తో ఆడే మ్యాచ్‌కి వెళ్లడమే హాయి.

తర్వాత సెన్సర్లని సరిచేయండి. స్విచ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్, అందులో క్యాలిబ్రేట్ మోషన్ కంట్రోల్స్. జాయ్‌కాన్ మీది ప్లస్ గానీ మైనస్ గానీ నొక్కి పట్టి, స్క్రీన్ చెప్పినట్టు దాన్ని చదునైన బల్ల మీద పెట్టి వదిలేయాలి. సోఫా చేయి మీద, పరుపు మీద పెట్టొద్దు, అవి చదునుగా ఉండవు. వారానికోసారి అక్కర్లేదు, ఒక దిశలో ఊపితే బంతి ఇంకో దిశలో పోతోందనిపించినప్పుడు చేస్తే చాలు.

జాయ్‌కాన్ లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలిస్తే మిగతాదంతా తేలిక. అందులో యాక్సెలరోమీటర్, జైరోస్కోప్ అని రెండు సెన్సర్లు ఉంటాయి. మొదటిది వేగం ఎంత తొందరగా మారుతోందో చూస్తుంది, రెండోది ఎటు తిరుగుతోందో చూస్తుంది. మీ కాలు గదిలో ఎక్కడుందో వాటికి తెలియదు. అవి గుర్తుపట్టేది నిశ్చలం నుంచి వచ్చిన ఒక్క కుదుపునే. కాబట్టి కిక్కుకీ కిక్కుకీ మధ్య ఎంత కుదురుగా ఉంటే మీ కిక్కు అంత స్పష్టంగా అందుతుంది. బంతి కోసం ఎదురుచూస్తూ కాలు ఆడించే అలవాటు ఉంటే ముందు అది మానాలి.

షూటౌట్‌తో మొదలుపెట్టండి

నేరుగా మ్యాచ్‌లోకి దూకొద్దు. తొడ పట్టీ కట్టుకుని షూటౌట్ ఆడండి. ఇందులో పరిగెత్తడం లేదు, పక్క నుంచి వచ్చే బంతిని సరైన క్షణంలో గోల్‌లోకి తన్నడమే. కొట్టేకొద్దీ గోల్ వెడల్పు తగ్గుతూ పోతుంది. బాగా ఆడేవాడికే కష్టం పెంచడం అన్నమాట. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడినప్పుడు దీనివల్ల పోటీ ఏకపక్షంగా సాగదు.

ముందుగా నిలబడే తీరు. తన్నని కాలి మీద బరువు వేయండి, ఆ మోకాలు కొంచెం వంచండి. తన్నే కాలి వేళ్లు మాత్రం నేలకి తగిలేలా వెనక పెట్టండి. చేతులు పక్కలకి తీయండి, తూలిపోకుండా అవే కాపాడతాయి. ఒంటికాలి మీద నిలబడటం కష్టమైనవాళ్లు పక్కన బరువైన కుర్చీ పెట్టుకుని దాని వీపు పట్టుకోవచ్చు. చక్రాల కుర్చీ మాత్రం వద్దు.

ఇక కిక్కు. మైదానంలో నిజం బంతిని తన్నితే కాలి వేగంలో కొంత బంతి తీసుకుంటుంది. ఇక్కడ బంతి లేదు, మీరు గాలిని తంతున్నారు. గాలి ఏమీ తీసుకోదు. ఆ వేగమంతా చివర్లో మోకాలి మీదే ఆగుతుంది. పూర్తి ఊపుతో తన్ని కాలు నిటారుగా చాచి ఆపేవాళ్లకి మర్నాడు మోకాలి వెనక నొప్పి వచ్చేది అందుకే. కాబట్టి మోకాలు ఎప్పుడూ పూర్తిగా చాచకండి. కిక్కు తొడ నుంచి మొదలవ్వాలి, పొట్టిగా ఉండాలి, పాదం మరో కాలి మోకాలి ఎత్తు దాటక్కర్లేదు. సెన్సర్ ఉన్నది తొడ మీదే కదా, పాదం ఎంత దూరం పోయిందో దానికి అనవసరం. తొడ చురుగ్గా కదిలిందా లేదా అన్నదే లెక్క.

కాలిని వెనక్కి తీసేటప్పుడు మెల్లగా తీయండి. వెనక్కి కూడా విసురుగా లాగితే అదే కిక్కు అనుకునే ప్రమాదం ఉంది. మెల్లగా వెనక్కి, ఒక్క క్షణం ఆగి, చురుగ్గా ముందుకి. బంతి లేకుండా పది సార్లు ఇలా చేసి చూడండి.

టైమింగ్ విషయానికొస్తే, ముందే తన్నితే బంతి ఒక పక్కకి, ఆలస్యమైతే ఇంకో పక్కకి పోతుంది. బయటికి పోయిన ప్రతి బంతీ అలా మీ పొరపాటేమిటో చెప్పే పోతుంది. మొదటి రెండు మూడు బంతులు గోల్ కోసం కాకుండా దీని కోసమే తన్నండి. ఎటు పోతోందో చూసి అర క్షణం ముందుకో వెనక్కో జరపండి. బంతిని గాల్లో ఉన్నప్పటి నుంచీ కళ్లతో వెంబడిస్తే తొందరపడతారు. అది కింద పడి లేచే చోటు మీద చూపు పెట్టి, అక్కడి నుంచి లెక్కపెట్టుకోవడం చాలామందికి కుదురుతుంది. పెద్దవాళ్లు ఎక్కువగా ముందే తన్నేస్తారు, పిల్లలు బంతిని చూస్తూ ఉండిపోయి ఆలస్యం చేస్తారు. ఎందుకో గానీ ఎప్పుడు చూసినా అంతే.

చేత్తో ఆడే మ్యాచ్

మ్యాచ్‌లో రెండు రకాలు, ఒకరితో ఒకరు లేదా నలుగురితో నలుగురు. ఇక్కడి బంతి మనిషికి దీటుగా పెద్దగా ఉంటుంది, చుట్టూ గోడలుంటాయి, బంతి వాటికి కొట్టుకుని వెనక్కొస్తుంది. ఫీఫా వీడియో గేమ్ ఆడినవాళ్లు పాసులు, ఆఫ్‌సైడ్, ఫార్మేషన్ అన్నీ కాసేపు మర్చిపోవడం మంచిది.

ఎడమ స్టిక్‌తో కదలాలి, కుడి స్టిక్‌తో చుట్టూ చూడాలి, కుడి జాయ్‌కాన్ ఊపితే కిక్కు. ఊపిన దిశ బట్టి కిక్కు మారుతుంది. పైకి ఊపితే బంతి పైకి లేస్తుంది. పక్కకి ఊపితే ఆ వైపుకి వంపు తిరుగుతుంది. రెండు జాయ్‌కాన్‌లూ ఒకేసారి కిందికి ఊపితే మీ బొమ్మ ముందుకి దూకి తలతో కొడుతుంది. ఈ డైవింగ్ హెడర్ చూడటానికి బాగుంటుంది కాబట్టి కొత్తవాళ్లు అయినదానికీ కానిదానికీ దూకుతుంటారు. దూకి లేచేలోపు బంతి మీ గోల్ దగ్గరుంటుంది. అందకుండా పోతున్న బంతికి మాత్రమే దాచుకోండి.

మోచేతిని ఒంటికి దగ్గరగా ఉంచి మణికట్టుతో, ముంజేతితో ఊపండి. భుజం నుంచి పెద్దగా ఊపితే దిశ కలగాపులగం అవుతుంది: పైకి అనుకున్నది మధ్యలో పక్కకి తిరుగుతుంది, గేమ్ దాన్ని వంపు కిక్కు అనుకుంటుంది. ఒక్కో దిశనీ విడివిడిగా సాధన చేయండి. పైకి, పక్కకి, మళ్లీ పైకి. ఊపాక చేతిని వెంటనే వెనక్కి విసరకుండా మెల్లగా పాత చోటికి తెచ్చుకోండి.

పరుగుకి స్టామినా ఉంది. డాష్, అంటే వేగంగా పరుగు, చేస్తూ పోతే అది కరిగిపోతుంది, అయిపోయాక ఎదుటివాడు మిమ్మల్ని దాటుకుని పోతుంటే చూస్తూ ఉండాలి. బంతి వెనక గుంపుగా పరిగెత్తడం మన వీధి ఆటలో లాగే ఇక్కడా మొదటి రోగం. నలుగురి ఆటలో ఒకరు ఎప్పుడూ వెనక ఉండాలి. గోడకి కొట్టుకుని బంతి ఎక్కడికి వస్తుందో అక్కడికి ముందే చేరుకునేవాడు, బంతి వెంట పడేవాడి కన్నా ఎక్కువ సార్లు తన్నుతాడు. స్టామినా కూడా మిగులుతుంది.

ఎదుటి గోల్‌కి నేరుగా తన్నేటప్పుడు బంతి వెనక్కి వెళ్లి నిలబడండి. పక్క నుంచి తన్ని ఊపుతో దిశ సరిచేయాలని చూస్తే మొదట్లో కుదరదు. ముందు కాళ్లు, అంటే ఎడమ స్టిక్, సరైన చోట ఉండాలి. చేతి ఊపు తర్వాతి సంగతి.

మ్యాచ్‌లో కూడా కాలితోనే తన్నాలంటే

గేమ్ వచ్చినప్పుడు తొడ పట్టీ షూటౌట్‌కే పరిమితం. 2022 జులైలో వచ్చిన ఉచిత అప్‌డేట్‌తో మ్యాచ్‌లలోనూ వాడుకోవచ్చు. ఒక జాయ్‌కాన్ చేతిలో, ఇంకోటి తొడ మీద. సరదాగా ఉంటుంది, చెమట బాగా పడుతుంది, గెలవడం మాత్రం కష్టం. బొమ్మని వేలితో పరిగెత్తిస్తూ అదే సమయంలో ఒంటికాలి మీద నిలబడి తన్నాలి కదా. ర్యాంకుల కోసం ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు చేత్తోనే ఆడండి. ఇంట్లో గేమే నడిపే ప్రత్యర్థుల మీద ఆడేటప్పుడు కాలు వాడండి. రెండింటినీ ఒకే సాయంత్రం కలిపితే చేయి, కాలు రెండూ అయోమయంలో పడతాయి.

కైనెక్ట్ ఉన్నవాళ్లకి

2010 నవంబర్‌లో కైనెక్ట్‌తో పాటే వచ్చిన కైనెక్ట్ స్పోర్ట్స్‌లో ఫుట్‌బాల్ ఉంది. చేతిలో ఏమీ ఉండదు, ఒళ్లంతా కెమెరా చూస్తుంది. బంతి మీ దగ్గరుంటే ఎవరికి అందించాలో ఆ వైపుకి పాదం విసరాలి. ఎదుటివాళ్ల దగ్గరుంటే పక్కలకి కదిలి పాసుకి అడ్డం పడాలి. గోల్‌కీపర్ వంతు వచ్చినప్పుడు చేతులతో ఆపాలి.

దీనికి చోటు ఎక్కువ కావాలి. ఒక్కరికి సెన్సర్ నుంచి సుమారు 6 అడుగులు, ఇద్దరికి 8 అడుగులు. కైనెక్ట్ పరారుణ కాంతితో దూరం కొలుస్తుంది, కిటికీలోంచి ఎండ నేరుగా పడితే తికమక పడుతుంది. తెరలు వేయండి. వదులు బట్టలు, పొడుగు లంగాలు వేసుకుంటే కాళ్లు ఎక్కడున్నాయో దానికి తెలియదు. సోఫాలో కూర్చున్న తాతగారు కూడా ఆటగాడిగా లెక్కలోకి వచ్చేస్తారు, ఆయన్ని కాస్త పక్కకి కూర్చోమనండి. మైక్రోసాఫ్ట్ 2017లో కైనెక్ట్ తయారీ ఆపేసింది కాబట్టి ఇప్పుడు కొనాలనుకుంటే పాతదే, పనిచేస్తోందని కళ్లారా చూశాకే డబ్బివ్వండి.

మధ్యలో ఇబ్బంది వస్తే

కిక్కులు కొన్ని అందకపోతే స్విచ్ డాక్, అంటే కన్సోల్‌ని టీవీకి కలిపే స్టాండ్, టీవీ వెనక దాక్కుని ఉందేమో చూడండి. జాయ్‌కాన్ బ్లూటూత్‌తో మాట్లాడుతుంది, మధ్యలో టీవీ గానీ ఇనుప అల్మరా గానీ అడ్డముంటే తడబడుతుంది. డాక్‌ని టీవీ పక్కకి, మీకు కనిపించేలా పెట్టండి. తర్వాత చార్జింగ్. నిండా చార్జ్ అయితే జాయ్‌కాన్ సుమారు 20 గంటలు వస్తుంది, ఖాళీ నుంచి నిండడానికి మూడున్నర గంటలు పడుతుంది. ఆట అయ్యాక సోఫా మీద వదిలేయకుండా కన్సోల్‌కి తగిలించి, కన్సోల్‌ని డాక్‌లో ఉంచితే దానంతట అదే చార్జ్ అవుతుంది.

మొదటి రోజు ఇరవై నిమిషాలతో ఆపండి. మొదలుపెట్టే ముందు మోకాళ్లు, చీలమండలు, నడుము కాస్త తిప్పండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, తల తిరిగే సమస్య ఉన్నవాళ్లు తొడ పట్టీ జోలికి పోకుండా, డాక్టర్ ఒప్పుకుంటే కూర్చుని చేత్తో ఆడే మ్యాచ్‌తో సరిపెట్టుకోవచ్చు. మోకాలు కూర్చునేటప్పుడు కలుక్కుమంటే రెండు రోజులు ఆగి, మళ్లీ షూటౌట్ నుంచే, ఇంకా పొట్టి కిక్కుతో మొదలుపెట్టండి.